నలభై ఒకటో మంచం పక్కన పియానో

నిద్ర, మూడో రోజు

ఈ నోటుబుక్కు ఎస్తేరు టీచరమ్మ ఇచ్చింది. సూది వేయించుకోవడానికి వెళ్లే ముందు నా చేతిలో పెట్టి, "ఏ రోజు ఏం వాయించినావో, ఎంతసేపు వాయించినావో, యాడ తప్పినావో రాసిపెట్టు. లేచినాక చూస్తా" అంది. ఉన్నది ఉన్నట్టు రాయమని రెండుసార్లు చెప్పింది. అలాగే రాస్తాను.

నా పేరు ఓబులేసు. వయసు నలభై ఆరు. గనిలో నీళ్ల పంపులు చూసుకునే మెకానిక్కుని. ఈ ఏడు కావలి వంతు నాకూ నర్సు హుసేనమ్మకూ వచ్చింది. మిగతా రెండు వందల పన్నెండు మందీ పోయిన ఆదివారం సూది వేయించుకుని వేసవి నిద్రలోకి పడుకున్నారు. తొంభై రోజులకు, వానలు మొదలయ్యాక లేస్తారు. పైన ఎండ ఇప్పటికే యాభై డిగ్రీలు దాటింది. నల్లరాయి తవ్వి వదిలేసిన ఈ గనిలో ముప్పై ఒకటి.

పడుకున్నవాళ్లకు పనేమీ ఉండదు, మేలుకున్నవాళ్లకే అన్నీ. తెల్లవారుతుండగా మెట్లెక్కి వెళ్లి సౌర పలకల మీది దుమ్ము తుడవాలి. ఎండ గుట్ట మీదికి వచ్చేలోపు దిగిపోవాలి. పంపు చూడాలి. గాలి గొట్టాల జల్లెడలు విదిలించాలి. మూడు రోజులకొకసారి వరుస చివరి పిడి తిప్పితే మంచాలన్నీ ఒక పక్కకు ఒరుగుతాయి, పడుకున్నవాళ్లు పక్క మారతారు. హుసేనమ్మ ఒక్కొక్కరి మణికట్టు పట్టుకుని నాడి లెక్కపెట్టి రాసుకుంటుంది, ఎండిన పెదవులకు తడిగుడ్డ అద్దుతుంది. ఇదంతా మధ్యాహ్నానికి అయిపోతుంది. ఆ తర్వాత నాకు పియానో.

నాలుగో వరుస దాటాక, గోడవారన ఉంది పియానో. మిషన్ బడి మూసేసినప్పుడు ట్రాలీ మీద కిందికి దించారు. చెక్క పగలకుండా దాని అడుగు పెట్టెలో రెండు గిన్నెల నీళ్లు పెట్టాలి. అవి నా స్నానం నీళ్లలోంచి ఇస్తాను.

ఆరేళ్ల కిందట ఆ గోడలో పైపు కారుతుంటే బాగుచేయడానికి వచ్చాను. టీచరమ్మ పిల్లలకు పాఠం చెప్తూ ఉంది. పైపు పని గంటలో అయిపోయింది. నేను సాయంత్రం దాకా వెళ్లలేదు. మర్నాడు ఆమె దగ్గర చేరాను.

వానలు పడ్డాక ఐదో గ్రేడు పరీక్ష. అది ప్యాసైతే చిన్నపిల్లలకు నేర్పే అనుమతి వస్తుంది. టీచరమ్మకు డెబ్బై ఒకటి. ఆమె తర్వాత నేర్పేవాళ్లు లేరు. మా కమిటీ పెద్ద చెన్నకేశవులు చెడ్డమనిషి కాదు గానీ, ఉన్న మాట అనేశాడు. "నేర్పే మనిషి ఉంటే పియానో ఉంటాది. లేకుంటే ఆ తావులో నాలుగు మంచాలు పడతాయి. ఈ ఏడు పైనూళ్ల నుంచి తొమ్మిది మంది వచ్చినారు, నువ్వే చూసినావు గదా."

పరీక్షకు మూడు జాబితాల్లోంచి ఒక్కొక్కటి వాయించాలి. రెండో జాబితాలో పడవ పాట, మూడోదాంట్లో రాతిమెట్లు అనే పాట అని ముందే అనుకున్నాం. మొదటి జాబితాలో పాతకాలపు నాట్యాలు, అంటే నాట్యానికి కట్టిన బాణీలు, ఏడున్నాయి. ఏది తీసుకోమంటారని అడిగితే టీచరమ్మ చెప్పలేదు. "ఎంచుకునేది గూడా నేర్చుకోవాల గదా నాయనా. నేను లేచేలోగా ఎంచుకో" అని నలభై ఒకటో మంచం మీద వాలింది.

తొమ్మిదో రోజు

ఏడు నాట్యాలూ ఒకసారి తిరగేసి, చేతికి వచ్చినంత వాయించాను. రెండో దానిలో వేళ్లు చిక్కుపడ్డాయి. ఐదోది ఆరు మాత్రల తాళంలో ఉండే నాట్యం. దాని వేగం చూసే పేజీ తిప్పేశాను. ఎడమ చెయ్యి ప్రతి మాత్రకూ ఎక్కడి నుంచి ఎక్కడికో దూకాలి. ఏడోది నెమ్మదిగా, రెండే పేజీలు. అదే తీసుకున్నాను.

హుసేనమ్మ పక్కన కూర్చుని చిరిగిన దుప్పట్లు కుడుతోంది. ఆమెకు అరవై దాటాయి. ఇది ఆమెకు పదకొండో వేసవి కావలి. ఎందుకు పడుకోవని అడిగితే, "మా ఆయన పడుకొని మళ్లా లెయ్యలేదు. అప్పట్నుంచి నాకు పడుకోబుద్ధి కాదు" అని మాత్రం చెప్పింది.

ఏడో నాట్యం విని, "ఇది ముసలోళ్ల నడక మాదిరుండాది" అంది.

"పరీక్షకు చాలులే అక్కా."

"చాలేది వేరు, బాగుండేది వేరు" అని సూదిలో దారం ఎక్కించుకుంది.

స్వరాల మెట్లు, అంటే స్కేల్సు, ఇరవై నిమిషాలు. పడవ పాట గంట.

పదిహేడో రోజు

పడవ పాట దాదాపు వచ్చేసింది. ఎడమ చెయ్యి ఊగుతూ ఉంటుంది, కుడి చెయ్యి దాని మీద తేలుతుంది. పెడల్ ఎప్పుడు వదలాలో ఇన్నాళ్లకు కాలికి తెలిసింది.

"పడవ ఎట్లుంటాదో నువ్వు చూసినావా ఓబులేసూ?" అని హుసేనమ్మ అడిగింది.

"బొమ్మలో చూసినా."

"నేనూ బొమ్మలోనే. కానీ నువ్వు వాయిస్తాంటే కాళ్ల కింద నీళ్లు కదిలినట్టుంటాది."

ఈ మధ్యాహ్నం వాయించడం ఆపాక ఒక వింత గమనించాను. పడుకున్నవాళ్ల ఊపిరి ఎప్పుడూ ఒక్కొక్కరిది ఒక్కో తీరు. నిమిషానికి రెండో మూడో వస్తాయి, అంతే. ఇప్పుడు గదంతా ఒకటే ఊపిరి. రెండు వందల పన్నెండు మంది ఒకేసారి పీల్చి, చాలాసేపటికి ఒకేసారి వదిలారు. దీపాల కింద దుప్పట్లు అలలా లేచి దిగాయి. మేం ఇద్దరం కదలకుండా చూస్తూ ఉండిపోయాం.

నిద్రలో ఉన్నవాళ్లకు శబ్దం తెలియదని డాక్టర్లు చెప్తారు. నాకు మాత్రం గర్వంగా అనిపించింది. ఉన్నది ఉన్నట్టు రాయాలి కదా.

ఇరవై నాలుగో రోజు

పడుకున్నవాళ్ల నాడి నిమిషానికి తొమ్మిది. కొందరిది ఎనిమిది, కొందరిది పది. టీచరమ్మది ఈ ఉదయం ఏడు.

హుసేనమ్మ రెండుసార్లు లెక్కపెట్టింది. "పెద్ద వయసు గదా, చూద్దాం" అంది. ఆమె గొంతులో మార్పేమీ లేదు. కానీ సాయంత్రం మళ్లీ వెళ్లి చూసింది.

ఇరవై ఎనిమిదో రోజు

ఆరు.

మూడు రోజులుగా నేను వాయించక ముందు ఒకసారి, వాయించాక ఒకసారి హుసేనమ్మ చూస్తోంది. పడవ పాట తర్వాత టీచరమ్మ నాడి తగ్గుతోంది. మిగతావాళ్లకు ఊపిరి కుదురుకుంటుందే తప్ప నాడిలో తేడా లేదు. ఈమెకు మాత్రం దిగుతోంది.

నేను పియానో మూత వేసేశాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"నీ వల్లనే అనుకోవద్దు" అంది హుసేనమ్మ. "గుండె ముందే బలం తగ్గినట్టుండాది. సూది వేసే ముందు చూసుకోవాల్సింది మేము."

"మరి వాయించినప్పుడు దిగతాండాదే."

"దిగే దోవలో ఉండేదానికి ఇంత ఊపు ఇచ్చినావు, అంతే."

ఆ మాట ఆమె ఓదార్పుకే అంది. నాకు అది ఓదార్పు కాలేదు.

ముప్పయ్యో రోజు

రెండు రోజులు పియానో ముట్టుకోలేదు. నాడి ఆరు దగ్గరే ఉంది, ఒక్కోసారి ఐదున్నర.

ఐదు కంటే తగ్గితే మనిషిని లేపాలని నియమం. లేపే సూది హుసేనమ్మ దగ్గర ఉంది. కానీ నడిమధ్యలో లేపితే గుండె ఒక్కసారిగా పరుగెత్తాలి. నాలుగేళ్ల కిందట అలా ఒకాయన్ను లేపారు. నలభై ఏళ్లవాడు. మూడు రోజులు బతికాడు. ఆ మూడు రోజులూ పక్కనున్నది హుసేనమ్మే.

రేడియోలో డాక్టరమ్మను పట్టుకున్నాం. ఆమె ఎక్కడో కొండ మీది కేంద్రంలో ఉంటుంది, ముప్పై ఏడు గనులకు ఆమె ఒక్కతే. అంతా విని, "నిద్రలో ఉన్న గుండెకు మందు లేదమ్మా. పాట వల్ల తగ్గిందంటున్నారు. పాట వల్ల పెరుగుతుందేమో చూశారా?" అని అడిగింది.

అది మాకు తట్టనే లేదు.

పుస్తకం తీసి పేజీలు తిప్పాను. ఏడో నాట్యం వాయిస్తే ఏ మార్పూ లేదు. మూడోదీ అంతే. చివరికి ఐదోది, ఆరు మాత్రలది తీశాను. తడుముకుంటూ, ఆగుతూ, తప్పులతో నాలుగు వరుసలు వాయించాను. హుసేనమ్మ టీచరమ్మ మణికట్టు మీద వేళ్లు పెట్టి కళ్లు మూసుకుని ఉంది.

"ఇంగోసారి" అంది.

వాయించాను.

"నువ్వు సరిగా వాయించిన కాడ గుండె నీ ఎంట వస్తాండాది. నువ్వు ఆగిన కాడ అదీ ఆగుతాండాది." కళ్లు తెరిచి నన్ను చూసింది. "ఇది నేర్చుకోవాల ఓబులేసూ. ఆగకుండా."

ముప్పై మూడో రోజు

టీచరమ్మ మంచాన్ని వరుసలోంచి విప్పి, చక్రాల మీద తోసుకొచ్చి, దాని ఇనుప తలగట్టు పియానో ఎడమ పక్క చెక్కకు ఆనేలా పెట్టాం. నిన్న గట్టిగా వాయిస్తే నాలుగో వరుసలో ముగ్గురికి నాడి పన్నెండు దాకా ఎగిరింది. వాళ్లు తేలిపోయి లేచేస్తే మరో ప్రమాదం. అందుకే పియానో మీద మూడు దుప్పట్లు కప్పాం. ఇప్పుడు శబ్దం గదిలోకి పోదు. చెక్కలోంచి ఇనుములోకి, ఇనుములోంచి ఆమెలోకి పోతుంది.

మంచం పట్టీ మీద చెయ్యి వేసి చూశాను. హుసేనమ్మ ఒక్క మీట నొక్కితే చేతికి సన్నగా జలదరింపు తగిలింది. ఆ నిద్రలో అది ఎలా తగులుతుందో, ఎంత దూరం నుంచి వచ్చినట్టుంటుందో.

వాయించినది: ఐదో నాట్యం, ఎడమ చెయ్యి ఒక్కటే, రెండు గంటలు. మొదటి ఎనిమిది తాళం గడులు. తప్పినది: ప్రతిచోటా.

ముప్పై ఎనిమిదో రోజు

దూకి పడాల్సిన మీటల మీద సుద్దతో గుర్తులు పెట్టాను. నడక కంటే నెమ్మదిగా మొదలుపెట్టి, పదిసార్లు తప్పు లేకుండా వస్తేనే కొంచెం వేగం పెంచుతున్నాను. టీచరమ్మ ఆరేళ్లుగా చెప్పింది ఇదే. నేను ఎప్పుడూ చెయ్యలేదు. నచ్చిన భాగం మళ్లీ మళ్లీ వాయించుకుని, కష్టమైన చోట ఏదో ఒకటి చేసి దాటేసేవాణ్ని. ఆమె వెనక నుంచి, "ఆడ ఏదో మింగినావే" అనేది.

ఇప్పుడు మింగడానికి లేదు. ఒక మాత్ర మింగితే హుసేనమ్మ వేళ్ల కింద అది తెలిసిపోతుంది.

"నిలపొద్దు" అంటుంది. "తప్పయినా పో. నిలపొద్దు."

పరీక్ష ముచ్చట తలుచుకోవడానికి తీరిక లేదు. రాతిమెట్లు పాట తీసి వాయించి పది రోజులైంది. పుస్తకంలో పడవ పాట పేజీలను రబ్బరుబ్యాండుతో కట్టేశాను, పొరపాటున కూడా తెరుచుకోకుండా.

నాడి: ఉదయం ఐదున్నర, వాయించాక ఆరు.

నలభై ఆరో రోజు

ఈరోజు మొదటిసారి మొదటి నుంచి చివరి దాకా ఆగకుండా వచ్చింది. వేగం పుస్తకంలో రాసిన దానికి కొంచెం తక్కువ. కానీ తాళం చెదరలేదు. రెండో పేజీలో ఎక్కడో నా చేతులు నావి కావనిపించింది. అవే దూకుతున్నాయి, అవే దిగుతున్నాయి, నేను పక్కన కూర్చుని చూస్తున్నాను. గని గోడల్లో ఉన్న నల్లరాయి మెల్లగా గుండ్రంగా తిరుగుతున్నట్టు, మంచాలూ దీపాలూ అందరూ దానితోపాటు ఒక పెద్ద రాట్నం మీద తిరుగుతున్నట్టు తోచింది.

ఆపాక హుసేనమ్మ మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టింది. వేళ్లు తియ్యలేదు.

"ఎనిమిది" అంది.

కొంగుతో కళ్లు తుడుచుకుని లేచి టీ పెట్టింది. వేసవిలో చక్కెర తక్కువ. అయినా రెండు చెంచాలు వేసింది.

నాడి ఎనిమిది నాలుగు గంటలు నిలిచింది. రోజుకు మూడుసార్లు వాయించాలి.

యాభై తొమ్మిదో రోజు

అదే నాట్యం, అదే వేగం, అదే తాళం. వారం కింద ఎనిమిదికి ఎక్కిన నాడి ఐదారు రోజులుగా ఆరున్నర దగ్గరే ఆగుతోంది.

"అలవాటు పడింది" అంది హుసేనమ్మ. "నాలుగు నాళ్లు ఒకే కూర వండితే నువ్వు తింటావా?"

మొదటి జాబితాలో మిగిలినవన్నీ తీశాను. మొదటిది కొంచెం చురుకైనది, అది కూడా గుండెను కదిలించింది. రెండోదానిలో చిక్కుపడే వేళ్లను విడదీయడానికి రెండు రోజులు పట్టింది. ఒకటి పాతబడేలోగా ఇంకోటి నేర్చుకోవాలి. ఒకే పాటను ఏడాదంతా పట్టుకుని కూర్చునేవాణ్ని, వారానికొకటి నేర్చుకుంటున్నాను. ఎలా అని ఎవరైనా అడిగితే చెప్పలేను. పక్కన ఆమె ఉంది, అంతే.

డెబ్బై రెండో రోజు

పైన దుమ్ముగాలి. పొద్దున పంపు నిలిచిపోయింది. ఇసుక లోపలికి పోయి రెక్క విరిగింది. నీళ్లు లేకపోతే గాలిని చల్లబరిచే గొట్టాలు ఆగుతాయి, రెండు వందల మందీ పోతారు. అదే సమయానికి టీచరమ్మ నాడి ఐదు మీద ఉంది.

నేను పంపుకూ పియానోకూ మధ్య నిలబడిపోయాను.

"పో" అంది హుసేనమ్మ. "ఆ తాళం నా చెవుల్లో ఉండాది. నలభై నాళ్లుగా ఇంటాండా."

పంపు గుంతలో రెక్క విప్పుతున్నంతసేపూ నాకు వినిపిస్తూనే ఉంది. హుసేనమ్మ పియానో ఎడమ పక్క చెక్క మీద చెక్కగరిటెతో ఆరు మాత్రలు కొడుతోంది. మొదటిది గట్టిగా, తర్వాతి రెండు మెత్తగా, నాలుగోది కొంచెం గట్టిగా. ఒక్కచోట కూడా తడబడలేదు. నా స్పానరు కూడా ఆ తాళానికే తిరగడం మొదలుపెట్టింది. మూడు గంటలు పట్టింది. నీళ్లు వచ్చిన చప్పుడు విని పైకి ఎక్కి వస్తే ఆమె ఇంకా కొడుతూనే ఉంది, రెండో చెయ్యి టీచరమ్మ మణికట్టు మీద. గరిటె పట్టిన చెయ్యి భుజం దాకా బిగుసుకుపోయింది.

"ఐదే" అంది. "దిగలేదు."

నేను కూర్చున్నాను, ఆమె లేచింది. మధ్యలో ఒక్క మాత్ర కూడా పోలేదు.

తొంభై నాలుగో రోజు

వాన రాలేదు. పైకి వెళ్లి చూశాను. ఆకాశం గచ్చు చేసినట్టు తెల్లగా ఉంది. రేడియోలో ఇంకో వారం అన్నారు.

నా కుడి బొటనవేలి మొదలు వాచింది. హుసేనమ్మ రాత్రి కట్టిన కట్టు పొద్దున విప్పి వాయిస్తున్నాను.

ఈ మధ్యాహ్నం హుసేనమ్మ నాలుగున్నర అంది. నియమం ప్రకారం లేపాలి. ఆమె పెట్టె తెరిచి సూదీ మందూ తీసి గుడ్డ మీద పెట్టింది. చేతులు కడుక్కుంది.

"ఒక గంట ఇవ్వు అక్కా."

"గంట తర్వాత ఇంగా తగ్గింటే?"

"అప్పుడు నువ్వు చెప్పినట్టే."

ఆమె సూది మీద గుడ్డ కప్పి, మంచం పక్కన కూర్చుని మణికట్టు పట్టుకుంది. నేను మొదటి నాట్యం మొదలుపెట్టాను. దాని చివరి మాత్ర నుంచే రెండోదానిలోకి పోయాను. అలా ఏడూ. ఏడోదాన్ని కూడా వేగం పెంచి వాయించాను, ముసలోళ్ల నడక కాకుండా. మళ్లీ మొదటికి. చెమట కళ్లలోకి దిగింది. వేళ్ల నొప్పి ఒక చోట తెలియకుండా పోయింది. తల ఎడమకు తిప్పి ఆమె మొహం చూస్తూనే వాయించాను. తెల్లని జుట్టు, మూసిన కళ్లు, కొంచెం తెరిచిన నోరు. ఎక్కడో చాలా లోతున, చీకటి నీళ్ల అడుగున ఆమె నడుస్తోందనీ, నేను పైన గట్టు మీద ఆమె అడుగుకు అడుగు వేస్తున్నాననీ అనుకున్నాను. నేను నిలబడితే ఆమె నిలబడిపోతుంది.

"నాలుగున్నర" అంది హుసేనమ్మ. చాలాసేపటికి, "ఐదు." నేను ఆపలేదు.  గంట దాటిపోయిందని పగటి దీపాలు ఆరి రాత్రి దీపాలు వెలిగినప్పుడు తెలిసింది.

ఆమె లేచి సూదిని పెట్టెలో పెట్టేసింది.

ఇది మర్నాడు చేర్చింది: పొద్దున నాడి ఆరు.

నూట నాలుగో రోజు

నిన్న వాన పడింది. మెట్ల మీదికి నీటి వాసన వచ్చింది. ఈరోజు లేపడం మొదలుపెట్టాం. గని అంతా దగ్గులు, పిలుపులు, పిల్లల ఏడుపులు, గంజి వాసన. వేసవంతా మా ఇద్దరి గొంతులే విన్న చెవులకు ఇదంతా మరో లోకంలా ఉంది.

టీచరమ్మను అందరికంటే చివర, చాలా మెల్లగా, సగం సగం మందుతో రెండు రోజులు తీసుకుని లేపమని డాక్టరమ్మ చెప్పింది.

నూట ఆరో రోజు

టీచరమ్మ కళ్లు తెరిచింది. కాసేపు పైకప్పు చూసింది. తర్వాత పక్కకు చూసి, "నా మంచం ఈడికి ఎందుకొచ్చింది?" అని అడిగింది.

 హుసేనమ్మే చెప్పింది, రెండు ముక్కల్లో.

"కలలేమైనా వచ్చినాయా టీచరమ్మా?" అన్నాను.

"ఏం రాలే. పడుకున్నా, లేచినా" అంది.

నిద్రలో ఆమె అంతా విన్నదేమోనని, లేచి ఏదో ఒకటి చెప్తుందని నేను ఎదురుచూశాను. ఏమీ గుర్తులేదు. అది నాకు కొంచెం వెలితిగా అనిపించి, వెంటనే సిగ్గేసింది. ఆమె గ్లాసు పట్టుకుని నీళ్లు తాగుతోంది. ఇంతకంటే ఏం కావాలి.

ఆమె ఎడమ చేతి చివరి రెండు వేళ్లు లేవడం లేదు. రక్తం సరిగా అందక అలా అయిందని హుసేనమ్మ చెప్పింది. టీచరమ్మ ఆ వేళ్లను కుడి చేత్తో ఎత్తి చూసుకుని వదిలేసింది.

నూట పదో రోజు

నోటుబుక్కు అడిగి తీసుకుంది. చింపేద్దామా అనుకున్నాను. చింపలేదు. పొద్దున్నుంచీ మధ్యాహ్నం దాకా చదివింది. నేను పంపు దగ్గర లేని పని కల్పించుకుని తిరిగాను.

పిలిచి ఎదురుగా కూర్చోమంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"తొమ్మిదో నాడు స్వరాల మెట్లు ఇరవై నిమిషాలని రాసినావు. ఆ తర్వాత యాడా మెట్లు కనపల్యా" అంది.

"వాయించలేదు టీచరమ్మా."

"సరే, రేపట్నుంచి వాయించు." నోటుబుక్కు మూసి ఒళ్లో పెట్టుకుని, దాని అట్టను చాలాసేపు నిమిరింది. "పరీక్షకు పన్నెండు నాళ్లుండాయి. నాట్యం ఏది ఎంచుకున్నావు?"

"ఐదోది."

"నేనైతే నీకు ఇచ్చుండేదాన్ని కాదు" అంది. "వాయించు, ఇంటా."

వాయించాను. ఆమె కదలకుండా వింది. తర్వాత రాతిమెట్లు వాయించమంది. అందులో మూడు చోట్ల దిద్దింది. తర్వాత, "పడవ పాట" అంది.

నేను పుస్తకం తియ్యలేదు. రెండో జాబితాలో ఇంకేదైనా తీసుకుంటానన్నాను. పన్నెండు రోజుల్లో నేర్చుకోగలను, ఇప్పుడు నాకు అలవాటైందన్నాను.

"నీకు వచ్చినది ఇది. బాగా వచ్చినది గూడా ఇదే."

"నా వల్ల కాదు టీచరమ్మా."

ఆమెకు అర్థమైంది. చదివింది కదా. గంజి గిన్నెలు కడుగుతున్న హుసేనమ్మను కేక వేసి పిలిచింది. పియానో పక్కన కుర్చీలో కూర్చుని, ఎడమ చెయ్యి చాపింది.

"హుసేనమ్మా, నాడి పట్టుకో. తగ్గితే చెప్పు, వాడు నిలుపుతాడు." నా వైపు తిరిగింది. "నువ్వు నా మొగం చూడద్దు. పుస్తకం చూడు."

హుసేనమ్మ చేతులు పైటకు తుడుచుకుని మణికట్టు పట్టుకుంది. "డెబ్బై నాలుగు" అంది.

రబ్బరు విప్పాను. మొదటి గడిలో ఒక మీట తప్పాను. రెండో గడి నుంచి ఎడమ చెయ్యి తనంతట తానే ఊగడం మొదలుపెట్టింది. పేజీ చివర ఆపి చూద్దామనుకున్నాను. "పో, పో" అంది టీచరమ్మ. ఆమె గొంతు నా పక్కనే, మెలకువగా, కొంచెం చిరాగ్గా ఉంది. ఆ గొంతు వింటూ రెండో పేజీ వాయించాను. పాట అయ్యేసరికి నా మొహమంతా తడిసిపోయింది.

"డెబ్బై ఆరు" అంది హుసేనమ్మ.

"ఏడుస్తా వాయిస్తే పెడల్ లేటవుతాది" అంది టీచరమ్మ.

పరీక్ష రోజు

పరీక్ష పెట్టే ఆమె చిన్న వయసు మనిషి, తడిసిన చెప్పులతో మెట్లు దిగి వచ్చింది. పక్కన పిల్లలు అల్లరి చేస్తుంటే చెన్నకేశవులు స్వయంగా అందరినీ పైకి తోలాడు. స్వరాల మెట్లలో ఒక చోట వేలు జారింది. కొత్త పాట ఇచ్చి అప్పటికప్పుడు చూసి వాయించమన్నది మాత్రం తేలిగ్గా అనిపించింది. ఈ వేసవిలో నేను చేసిందంతా అదే. స్వరాలు విని చెప్పేవాటిలో రెండు తప్పు చెప్పాను. నాట్యం, పడవ పాట, రాతిమెట్లు ఆ వరుసలో వాయించాను. పదిహేను నిమిషాల్లో అంతా అయిపోయింది. ఆమె ఏదో రాసుకుని, నమస్కారం పెట్టి, గొడుగు తెరుచుకుని వెళ్లిపోయింది.

ఫలితం వచ్చిన రోజు

నూట యాభైకి నూట పదిహేడు. నూరు వస్తే ప్యాసు.

కింద ఇలా రాసింది: "తాళం ఎక్కడా సడలలేదు. అభ్యర్థి వాయించేటప్పుడు పదే పదే ఎడమ పక్కకు చూస్తున్నారు. ఈ అలవాటు మానుకోవాలి."

టీచరమ్మ ఆ కాగితం నాలుగుసార్లు చదివి, మడిచి, నోటుబుక్కులో పెట్టింది. చెన్నకేశవులు వచ్చి కొత్త మంచాలు నడవాలో వేయిస్తానన్నాడు. పోతూ పోతూ తన మనవరాలి పేరు చెప్పి, ఎప్పట్నుంచి పంపమంటావని నన్ను అడిగాడు.

మరో వేసవి. నిద్ర, మొదటి రోజు

కావలి వంతు మళ్లీ నేనే అడిగి తీసుకున్నాను. హుసేనమ్మ ఎలాగూ పడుకోదు. టీచరమ్మను ఇక పడుకోబెట్టకూడదని డాక్టరమ్మ చెప్పింది. పంతొమ్మిదేళ్ల తర్వాత ఆమె వేసవిలో మేలుకుని ఉంది.

పొద్దున చేతికర్ర పట్టుకుని వరుసల మధ్య నడిచింది. పక్కింటివాళ్లు, తన దగ్గర చదువుకున్న పిల్లలు, చెన్నకేశవులు, అతని మనవరాలు. ఒక్కొక్కరి దగ్గరా ఆగి చూసింది.

"నేను గూడా ఇట్లనే ఉంటినా?" అని అడిగింది.

"ఇట్లనే."

"ఎంత దూరం పోయినారో అనిపిస్తాది, చూస్తాంటే." జారిన దుప్పటి ఒకటి సర్ది, పియానో దగ్గరికి వచ్చింది. లేచినప్పట్నుంచీ ఆమె దాని ముందు కూర్చోలేదు. ఈరోజు బల్లకు కుడి పక్కన కూర్చుంది. ఎడమ పక్క ఖాళీ వదిలింది.

"రా" అంది. "కింది మీటలు నువ్వు."

ఆమె కుడి చేత్తో, నేను ఎడమ చేత్తో పడవ పాట మొదలుపెట్టాం. ఆమె నాకంటే నెమ్మదిగా వాయిస్తుంది. ఆరంభంలో రెండు చోట్ల నేను ముందు పోయాను. ఆమె ఏమీ అనకుండా తన దారినే వెళ్లింది, నేను వెనక్కి వచ్చి కలిశాను. హుసేనమ్మ పుస్తకం పట్టుకుని వరుసల మధ్య తిరుగుతూ మణికట్లు చూసి రాసుకుంటోంది. అందరిదీ తొమ్మిది.